పద్నాలుగో బిళ్ళ

జనవరి 19, ఆదివారం

రోజారాణి వచ్చింది. ఫోన్ చేస్తే ఎత్తనని తెలుసు కాబట్టి నేరుగా ఇంటికే వచ్చింది. హెల్మెట్ చేతిలోనే ఉంది. గడపలో నిలబడే చెప్పేసింది. ఫిబ్రవరి పదహారున మళ్ళీ సైకిల్ యాత్ర, భద్రాచలం నుంచి పర్ణశాల దాకా, గోదారి పక్కనే, అదే దారిలో. ఈసారి మా ఆయన వీరేందర్ పేరు మీద. పోయినేడు ఇరవై ఇద్దరం వెళ్ళాం. ఇప్పుడు నలభై మంది పేర్లిచ్చారట.

"నువ్వు రావాలక్కా. ఆయన పేరు మీద పోతూ నువ్వు లేకపోతే మంచిగుంటదా?"

"చూస్తలే."

"చూస్తలే అంటే రానన్నట్టే. నీ సంగతి నాకు తెల్వదా?"

టీ ఇచ్చాను. సగం తాగి, అసలు మాట అప్పుడు తీసింది.

"శ్రీశైలమన్నను గూడ అడిగిన. రానంటుండు. సునందమ్మ ముఖం ఎట్ల చూడాలె అంటుండు. ఏడాదాయె ఆయన సైకిల్ ముట్టక. మొన్న రెండో కంటికి గూడ ఆపరేషన్ చేయించుకున్నడు. నువ్వొక్క మాట చెప్తే వస్తడక్కా."

చెప్తానన్నాను.

నేను ఆయన్ని ఏమీ అనలేదు. ఈ ఏడాదిలో ఒక్కసారి కూడా, ఒక్క మాట కూడా అనలేదు. ఇది రాసి పెట్టుకుంటున్నాను.

జనవరి 20

కాలేజీకి రైల్వే గేటు వైపు నుంచి వెళ్ళాను. రెండు కిలోమీటర్లు చుట్టు. కార్మికుల క్వార్టర్ల రోడ్డంతా గుంతలు, సైకిల్ తొక్కేలా లేదు.

జనవరి 23

శ్రీశైలం అన్నకు చెప్పలేదు ఇంకా. ఆదివారం చెప్తాను.

బొగ్గుబాయిలో ల్యాంప్ రూమ్ మనిషి ఆయన. ముప్పై ఒక్క ఏళ్ళు అదే కిటికీ దగ్గర నిలబడ్డాడు. బాయిలోకి దిగే ప్రతి కార్మికుడూ తన నంబరు ఉన్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి దీపం తీసుకోవాలి. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. షిఫ్టు అయిపోయాక కిటికీలో ఒక్క బిళ్ళ మిగిలినా, ఒక మనిషి ఇంకా కిందనే ఉన్నాడన్నట్టు. వీరేందర్ అక్కడే ఎలక్ట్రీషియన్. పందొమ్మిదేళ్ళు రోజూ ఆ కిటికీలో బిళ్ళ ఇచ్చి తీసుకున్నాడు.

రిటైరయ్యాక మా ఆదివారం సైకిల్ గుంపుకు శ్రీశైలం అన్న ఆ పద్ధతే తెచ్చాడు, కొంచెం తిరగేసి. పొద్దున బయల్దేరేటప్పుడు మనిషికో బిళ్ళ ఇస్తాడు. ఇత్తడి రేకు కత్తిరించి, అంకెలు తనే సుత్తితో కొట్టాడు. తర్వాత చెక్క బోర్డు పట్టుకుని వ్యాన్‌లో ముందుగా చివరి ఊరికి చేరతాడు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు తమ మేకుకు తమ బిళ్ళ తగిలించాలి. ఒక్క మేకు ఖాళీగా ఉన్నా ఎవరూ చాయ్ తాగకూడదు. ఖాళీ ఉంటే వ్యాన్ వెనక్కి వెళ్తుంది.

"ఎవని బిళ్ళ వాడే తగిలియ్యాలె. ఇంకొకడు తగిలిస్తే గది పాపం" అనేవాడు నవ్వుతూ. వీరేందర్‌కి పద్నాలుగు. నాకు పదిహేను.

మొదట్లో నాకు అదంతా చిన్నపిల్లల ఆటలా ఉండేది.

జనవరి 26

ఆ రోజు గురించి ఒక్కసారి వరుసగా రాసేస్తే తేలికపడతానేమో.

పోయినేడు ఫిబ్రవరి 18. లక్ష్మీనగరం దాటాక వీరేందర్ వెనకబడ్డాడు. నేను ముందు వెళ్ళాను. దారి దిగి గోదారి ఒడ్డున కూర్చున్నాడు. వెనక వచ్చినవాళ్ళకు కనబడలేదు. పర్ణశాలలో శ్రీశైలం అన్న బోర్డు చూసి, నిండింది అన్నాడు. అందరూ చాయ్ తాగారు. తను అక్కడ పడిపోయి ఉన్నాడు. మధ్యాహ్నం వెతుక్కుంటూ వెళ్ళాం. భద్రాచలం దవాఖానాలో డాక్టరు, "గంట ముందు తెచ్చుంటే" అని ఆపేశాడు. ఆ వాక్యం ఇంతవరకూ పూర్తి కాలేదు.

తిరిగొచ్చి చూస్తే పద్నాలుగో మేకు ఖాళీగా ఉంది. శ్రీశైలం అన్న చూపు మందగించింది, పాపం. వయసు మీద పడింది. ఎవరి తప్పని అంటాం?

బిళ్ళ నా దగ్గరే ఉంది. దవాఖానా వాళ్ళు ఇచ్చిన బట్టల్లో దొరికింది.

జనవరి 27

తేలికపడలేదు.

ఫిబ్రవరి 2

రైతు బజారులో వెంకమ్మ కనిపించింది, శ్రీశైలం అన్న భార్య. తప్పుకునే వీలు లేకపోయింది. చిక్కుడుకాయలు ఏరుతూ తనే పలకరించింది.

"మంచిగున్నవా బిడ్డా? గింత చిక్కిపోయినవేంది?"

"బాగనే ఉన్న. అన్న ఎట్లున్నడు?"

"ఏముంటడు? పొద్దస్తమానం గా క్యాలెండర్ ముందట నిలవడుతడు. దూరం నుంచి అంకెలు సదువుతడు, సరిగ్గ సదివిన్నా లేదా సూడుమని నా పానం తీస్తడు. నాకు సదువొస్తదా? వంటింట్ల డబ్బాలు లెక్కవెడుతడు. పండ్రెండు అంటడు. పండ్రెండే ఉంటయి. మల్ల లెక్కవెడుతడు."

నేను చిక్కుడుకాయలు ఏరడం మొదలుపెట్టాను. నాకు వాటితో పని లేదు.

"కండ్ల డాక్టరేమో పొర గంత ముదరలేదు పెద్దాయనా, గిప్పుడే ఆపరేషన్ ఎందుకన్నడు. ఇంటెనా? చెయ్యాలె అని కూసున్నడు. నిండిన బోర్డు నా కండ్లతోని సూసిన, మల్ల సూస్తె మేకు ఖాళీ, గవి కండ్లేనా అంటడు. బోర్డును పొయ్యిల వెట్టిండు."

"పొయ్యిలనా?"

"అవ్. నీళ్ళు కాగవెట్టిన దాంతోని."

ఇంటికొచ్చి చూస్తే అరకిలో చిక్కుడుకాయలు. నాకు పడవని వీరేందర్ వండనిచ్చేవాడు కాదు.

ఫిబ్రవరి 3

జనవరి 26న రాసింది అబద్ధం. నా పుస్తకంలో, ఎవరూ చదవని చోట కూడా అబద్ధం రాశాను.

బిళ్ళ బట్టల్లో దొరకలేదు.

లక్ష్మీనగరం దాటాక తను సైకిల్ దిగాడు. "ఆయాసంగ ఉన్నదే" అన్నాడు. "పొద్దుగాల మూడు పూరీలు తింటే ఆయాసం రాదా?" అన్నాను. నవ్వాడు. ఆ ముందు రెండు యాత్రల్లోనూ తన కోసమే అందరూ చాయ్ లేకుండా కూర్చున్నారు. రోజారాణి తమ్ముడు గణేష్ ఏదో జోకు కూడా వేశాడు, బాయిల దీపం పట్టుకుని దేవులాడాలె వీరేందరన్న కోసం అని. తనకది లోపల గుచ్చుకుంది. నాకు తెలుసు.

జేబులోంచి బిళ్ళ తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇది గూడ తగిలియ్యి. జెర్రసేపు నీళ్ళు చూసుకుంట కూసుని వస్త. నా కోసం వాళ్ళ చాయ్ ఆగుడెందుకు?"

"శ్రీశైలమన్న చూస్తే తిడుతడు."

"ఇది బాయి కాదు గదా."

ఇది బాయి కాదు గదా. పందొమ్మిదేళ్ళు బాయిలో దిగిన మనిషి అన్న మాట అది. నేను వృక్షశాస్త్రం పాఠాలు చెప్పుకునేదాన్ని, నాకేం తెలుసు అనుకోవాలని ఉంది. కానీ తెలుసు. ఎవరి బిళ్ళ వాళ్ళే తగిలించాలన్న మాట రెండేళ్ళుగా వింటున్నాను.

బిళ్ళ తీసుకుని వెళ్ళాను. ఇంకొకటి కూడా రాయాలి. వెళ్తుంటే నాకు హాయిగా ఉండింది. తన కోసం వేగం తగ్గించుకోవాల్సిన పని లేదు. ఎడమ పక్క గోదారి, కుడి పక్క ఆకుల్లేని మోదుగలు ఎర్రగా పూసి ఉన్నాయి. పన్నెండు కిలోమీటర్లు ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

ఎవరూ చూడనప్పుడు రెండు బిళ్ళలూ తగిలించాను. శ్రీశైలం అన్న బోర్డు మీద వేలు పెట్టి రెండుసార్లు లెక్కపెట్టాడు. "నిండింది! తాగుండ్రి ఇగ" అని గట్టిగా అన్నాడు. నేను ఇడ్లీ తింటున్నాను. అప్పుడు చెప్పొచ్చు. చెప్పలేదు. తను అడిగాడు కదా, పరువు పోకుండా చూడమని, అనుకున్నాను. ఫోన్ చేస్తే కలవలేదు. అక్కడ సిగ్నల్ ఉండదులే అనుకున్నాను. గంటన్నర అలా అనుకుంటూనే ఉన్నాను.

తర్వాతిది కూడా రాస్తాను. ఇప్పుడు కాదు.

ఫిబ్రవరి 4

రాయలేదు.

ఫిబ్రవరి 8

తనని వ్యాన్‌లో పడుకోబెట్టినప్పుడు బోర్డు సీటు పక్కన నిలబెట్టి ఉంది. తన తల నా ఒళ్ళో ఉంది. రోజారాణి డ్రైవర్ పక్కన కూర్చుని దవాఖానాకి ఫోన్ చేస్తోంది. బిళ్ళలు కుదుపుకు గలగలలాడుతున్నాయి. నేను చెయ్యి చాపి పద్నాలుగో బిళ్ళ తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

తన గుర్తుగా తీసుకున్నానని చాలా నెలలు నమ్మాను. గుర్తులు కావాలంటే తన చేతి గడియారం ఉంది. తన చెప్పులున్నాయి. ఎవరైనా ఆ బోర్డు చూసి, ఈ బిళ్ళ ఎవరు తగిలించారని అడుగుతారని తీశాను. తన ఊపిరి ఇంకా ఆడుతూనే ఉంది అప్పటికి.

క్వార్టర్ల రోడ్డులో గుంతలు లేవు. శ్రీశైలం అన్న ఇల్లుంది.

ఫిబ్రవరి 9

చెప్తే ఏమవుతుంది? తను తిరిగి రాడు. గంట ముందు తెచ్చినా ఏమయ్యేదో చెప్పలేమని ఖమ్మంలో ఇంకో డాక్టరు అన్నాడు. ఇన్నాళ్ళూ దాచి ఇప్పుడు చెప్తే ఆ పెద్దాయనకు ఇంకా కష్టంగా ఉండదా? మరచిపోతున్నవాణ్ణి లేపినట్టు కాదా?

మరచిపోతున్నవాడు డబ్బాలు లెక్కపెట్టడు.

ఫిబ్రవరి 14

వెళ్తున్నాను. సైకిల్ టైర్లలో గాలి కొట్టించాను. అంతే. వేరే ఏదీ నిర్ణయించుకోలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఇంటికి చేరేసరికి సాయంత్రం నాలుగైంది. స్నానం కూడా చేయకుండా రాస్తున్నాను. ఆలస్యం చేస్తే మళ్ళీ నాకు అనుకూలంగా రాసుకుంటాను.

పొద్దున ఆరింటికి భద్రాచలం వంతెన దగ్గర కలిశాం. గోదారి మీద మంచు, అవతలి ఒడ్డు కనబడలేదు. వ్యాన్‌లోంచి సైకిళ్ళు దింపుతున్నారు. దాని వెనక నుంచి శ్రీశైలం అన్న వచ్చాడు. చంకలో కొత్త బోర్డు. నల్ల కళ్ళద్దాలు, ఆపరేషన్ వాళ్ళకి ఇచ్చేవి. నా ముందుకొచ్చి రెండు చేతులూ జోడించాడు.

"మీరు రమ్మన్నరట గదమ్మా. రోజారాణి చెప్పింది. గా ఒక్క మాటకే వచ్చిన."

నేను ఆయనకు ఏ మాటా పంపలేదు. రోజారాణి వైపు చూస్తే పక్కకు తిరిగి చైన్ సవరించుకుంటోంది.

"అవ్ అన్నా" అన్నాను. 

ఆయన బిళ్ళలు పంచాడు. పదమూడు తర్వాత పదిహేను. నాది నా చేతిలో పెడుతూ గొంతు తగ్గించాడు.

"పద్నాలుగు కొత్తది కొట్టలేదమ్మా. గా బిళ్ళ గోదాట్లనే పడిపోయిందో ఏమో. మేకు మాత్రం ఉంచిన. ఖాళీ మేకుంటే చాయ్ తాగొద్దన్నది లెక్క. గీ ఒక్కరోజు లెక్క పక్కన పెడుదమన్నరు మనోళ్ళు. నాకైతే మనసొప్పలే."

ఆ పాత బిళ్ళ నా చొక్కా జేబులో ఉంది. పొద్దున బయల్దేరేటప్పుడు తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో అప్పటికి నాకు తెలియదు. తెలియదు అని రాస్తే నమ్మాలి మరి.

దారి ఏం మారలేదు. మిరప కల్లాలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఘాటుకు ముందున్నవాళ్ళు తుమ్ముతుంటే వెనకున్నవాళ్ళు నవ్వుతున్నారు. కొత్తగా చేరిన పిల్లలు ఫోటోలు దిగుతూ, గోదారికి చేతులూపుతూ వెళ్తున్నారు. వాళ్ళకి ఇది అందమైన దారి. నాకూ అందంగానే కనిపించింది. అదే బాధ.

లక్ష్మీనగరం దాటాక అందరూ ఆగారు. తను కూర్చున్న చోట మోదుగ పూలు పెట్టారు. పక్క చేలోంచి కాయలు ఏరుతున్న ఒకామె దిగి వచ్చింది. తన పేరు పున్నమ్మ అంది. పోయినేడు వీరేందర్‌ని మొదట చూసింది ఆమేనట. నాకు తెలియదు. మేము వచ్చేసరికి జనం గుమిగూడి ఉన్నారు, ఎవరి ముఖమూ చూడలేదు.

"నువ్వా అమ్మా ఆయన ఇంటామె?" అంది. "మేము సద్ది తినేయాళ్ళ చూసినం. చెట్టుకు ఆనుకుని కూసున్నడు. నీళ్ళు పోస్తే రెండు గుక్కలు తాగిండు. రోడ్డెక్కి రెండు బండ్లు ఆపిన, ఆగలే."

"ఏమన్నా అన్నడా?"

"ఏమనలే. నీళ్ళ దిక్కు పండవెడుదమంటే తిరగలే. రోడ్డు దిక్కే చూసుకుంట ఉన్నడు."

నీళ్ళు చూస్తానని కూర్చున్న మనిషి. బోర్డు నిండి ఉంటుందని, ఎవరూ రారని తెలిసిన ఒకే ఒక్క మనిషి. రోడ్డు వైపే చూశాడు.

అందరూ సైకిళ్ళెక్కారు. నేను ఎక్కలేకపోయాను. రోజారాణి ఉంటానంది, పొమ్మన్నాను. దుమ్ముగూడెం దాకా నడిపించుకుంటూనే వెళ్ళాను, ఆ తర్వాత తొక్కాను. ఈసారి అందరికన్నా చివర నేనే.

పర్ణశాల దగ్గర ఒడ్డున టీ కొట్టు. ముప్పై తొమ్మిది మంది బల్లల మీద, నేల మీద కూర్చుని ఉన్నారు. చాయ్ గిన్నె పొయ్యి మీద పొంగుతోంది. ఎవరి చేతిలోనూ గ్లాసు లేదు. నన్ను చూసి గణేష్ లేచాడు.

"వచ్చింది వదిన! పొయ్యవయ్యా ఇగ, గొంతు ఎండుతుంది!"

స్తంభానికి బోర్డు. పక్కన శ్రీశైలం అన్న. పదిహేను తగిలించాను. తర్వాత జేబులోంచి తీసి పద్నాలుగో మేకుకు తగిలించాను.  

ఆయన నల్లద్దాలు తీశాడు. దగ్గరికి వంగి బిళ్ళను వేలితో తడిమాడు. నాలుగు అంకె మీద సుత్తి దెబ్బ ఎక్కువ పడి కొంచెం వంకరగా ఉంటుంది.

"ఇది నా చేతిపనే. యాడిదమ్మా?"

"నిరుడు తను నా చేతికిచ్చిండన్నా, తగిలియ్యుమని. నేనే తగిలించిన. మీరు నిండిందన్నప్పుడు నిండే ఉండె. వ్యాన్‌ల నేనే తీసిన."

గిన్నె పొంగి పొయ్యి మీద పడింది. ఎవరూ దించలేదు.

"నిండే ఉండెనా?"

"అవ్."

"ఇరవై రెండు?"

"ఇరవై రెండు."

ఆయన అక్కడే బల్ల మీద కూర్చున్నాడు. అరచేత్తో కళ్ళు మూసుకున్నాడు, ఒకటి, తర్వాత రెండోది. ఆపరేషన్ అయిన కళ్ళు రుద్దకూడదని ఎవరో అన్నారు. రోజారాణి నా వైపు చూసింది. ఏడాదిగా నాకు వండి తెచ్చిన మనిషి. ఆ చూపు గురించి రాయలేను.

శ్రీశైలం అన్న తలెత్తాడు. కోపం చేస్తాడనుకున్నాను. చేస్తే బాగుండేది.

"ఒకటడుగుత చెప్పు. నువ్వు కాలేజీకి మా ఇంటి ముంగటనుంచే పోతుంటివి గదా. నేను అరుగు మీద కూసుంటుంటి. ఎన్నిరోజులు చూసినవమ్మా నన్ను?"

"నెల రోజులు. తర్వాత దారి మార్చుకున్న."

తలూపాడు, లెక్క సరిపోయినట్టు. లేచి పద్నాలుగో బిళ్ళ మేకు నుంచి తీసుకున్నాడు. తన చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు.

"బిళ్ళలు నా దగ్గరనే ఉండాలె" అన్నాడు. ఎవరితోనో తెలియదు.

వ్యాన్‌లో ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు. గణేష్ గ్లాసు తీసుకెళ్తే చేత్తో వద్దన్నాడు. ఆ తర్వాత ఎవరూ తాగలేదు. కొట్టాయన గిన్నె దించి, ఏమైందో తెలియక, అందరి ముఖాలూ చూస్తూ నిలబడ్డాడు.

ఫిబ్రవరి 17

రోజారాణి ఫోన్ చేయలేదు. ఎవరూ చేయలేదు.

బిళ్ళ పెట్టుకునే పెన్నుల డబ్బా రెండుసార్లు తెరిచి చూశాను.

ఫిబ్రవరి 18

ఏడాది.

తన ఫోటోకి దండ వేశాను. ఇన్నాళ్ళూ దాని ముందు నిలబడి ఏదో ఒకటి వివరించేదాన్ని. ఈ రోజు చెప్పడానికి ఏమీ లేదు. తనమీద కోపం వచ్చింది, మొదటిసారి. ఇది బాయి కాదు గదా అన్నందుకు. వచ్చి, కాసేపుండి, పోయింది.

కాలేజీకి క్వార్టర్ల రోడ్డు నుంచే వెళ్ళాను. శ్రీశైలం అన్న ఇంటి ముందు సైకిల్ తలకిందులుగా పెట్టి ఉంది. ఏడాది తుప్పు. చైన్‌కి నూనె వేస్తూ, పెడల్ చేత్తో తిప్పుతూ, చక్రం వైపే చూస్తున్నాడు. నల్లద్దాలు లేవు.

సైకిల్ దిగి నడిచాను, ఆయన చూడాలంటే చూసేంత నెమ్మదిగా.

తల ఎత్తలేదు. వెంకమ్మ గుమ్మంలోకి వచ్చింది, నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయింది.

రేపు కూడా ఈ దారినే వెళ్తాను.